పలాస జీడిపప్పు వ్యాపారికి సీఎంఎస్ ఎంపిక: కౌంటరు దగ్గర తేలిన లెక్క

క్లయింటు పలాస–కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారి. పిక్కలు కొని పప్పు తీయించే ఫ్యాక్టరీ ఉంది, కాశీబుగ్గలో ఒక రిటైల్ కౌంటరు, రాజాంలో మరొకటి. పేరు బయట పెట్టొద్దన్నారు కనుక షావుకారు గారు అనే రాస్తాను. నేను శ్రీకాకుళంలో ఉంటాను. చుట్టుపక్కల చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు కట్టడం, వాటిని సెర్చ్‌లో కనబడేలా చూడటం నా పని. ఆయన నన్ను పిలిపించి అడిగింది ఒకటే మాట: "పలాస జీడిపప్పు అని గూగుల్‌లో కొడితే ఎవరెవరివో వస్తున్నాయి, మనది రాదేటండీ? డబ్బులు పోసి సైటు కట్టించాం కదా."

ఆ సైటును ఏ సీఎంఎస్ (కోడు రాయకుండానే సైటులో మాటలు, ఫొటోలు, రేట్లు మార్చుకునే వీలిచ్చే సాఫ్ట్‌వేరు) మీదకి మార్చాం, ఎందుకు మార్చాం అన్నది ఇక్కడ రాస్తున్నాను. మీ వ్యాపారం వేరైతే జవాబూ వేరుగా రావచ్చు. లెక్క వేసిన తీరు మాత్రం ఎవరికైనా పనికొస్తుంది.

పాత సైటు సంగతి

చూడ్డానికి బాగానే ఉండేది. తెర తెరవగానే పప్పులు గాల్లోంచి రాలేవి, లోగో గిర్రున తిరిగేది. కానీ ఏ రకం పప్పు మీద నొక్కినా అడ్రసు బారులో మారేది హ్యాష్ గుర్తు తర్వాతి ముక్క ఒక్కటే. ఆ గుర్తు తర్వాత ఉన్నదాన్ని బ్రౌజరు సర్వరుకు అసలు పంపదు. గూగుల్ కూడా మామూలుగా దాన్ని వదిలేసి, ముందున్నదాన్నే పేజీ అడ్రసుగా తీసుకుంటుంది. గుండు, బద్ద, ముక్క అంటూ సైటులో ఎన్ని తెరలున్నా గూగుల్ పుస్తకంలో ఉన్నది ఒక్క పేజీ. దాని టైటిల్ "హోమ్". ఏ మాటలు వెతికితే మన సైటు కనబడిందో చూపించే గూగుల్ పరికరం సెర్చ్ కన్సోల్. అందులో కనబడిన వెతుకులాటలు కూడా దాదాపు అన్నీ దుకాణం పేరుతోనే. అంటే దుకాణం తెలిసినవాళ్లకే దుకాణం దొరుకుతోంది.

రేట్ల పట్టికది ఇంకో కథ. డీటీపీ సెంటరులో అను ఫాంట్లతో కొట్టించి, బొమ్మగా మార్చి సైటులో అతికించారు. మన దగ్గర పెళ్లి కార్డు నుంచి ఫ్లెక్సీ దాకా చాలా పని అనూలోనే నడుస్తుంది, అచ్చుకి దానికేం లోటు లేదు. అయితే అది యూనికోడ్ కాదు, అంటే ఫోన్లూ గూగులూ తెలుగుగా గుర్తుపట్టే పద్ధతి కాదు. అసలు ఫైలు తెప్పించుకుని అందులోని పాఠాన్ని కాపీ చేసి చూస్తే, "జీడిపప్పు" ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగలిసిన గజిబిజి వచ్చింది. బొమ్మలో రాసినదాన్ని పేజీలో రాసినట్టుగా గూగుల్ తీసుకుంటుందని నమ్ముకోలేం. అలాగని ఆ పాఠాన్ని పేజీలో పెట్టినా సెర్చ్‌కి అందులో తెలుగు లేదు.

అసలు దెబ్బ దీని తర్వాత తగిలింది. ఈ వ్యాపారంలో రేటు నిలకడగా ఉండదు. 80 కిలోల పిక్కల బస్తా రేటు కదిలితే పప్పు రేటు కదులుతుంది, పెళ్లిళ్ల సీజనుకి ఇంకోలా ఉంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి ఉద్దానం జీడితోటలు నేలకొరిగాక పిక్క గతి ఏమైందో ఇక్కడివాళ్లకి చెప్పనక్కర్లేదు. రేటు మారినప్పుడల్లా షావుకారు గారి కౌంటరు నుంచి సైటు కట్టిన ఏజెన్సీకి వాట్సాప్ వెళ్లాలి. వాళ్లు తీరిక చూసుకుని కొత్త బొమ్మ చేసి పెట్టాలి. ఆలోపు రేటు ఇంకోసారి మారేది. సైటులో పాత రేటు చూసి వచ్చినవాళ్లు ఫోను చూపించి కౌంటరు దగ్గర తగువు పెట్టుకునేవారు. విసిగిపోయి షావుకారు గారు రేట్లే తీయించేశారు. "ధరలకు సంప్రదించండి" అన్న ముక్క ఒక్కటే మిగిలింది.

జనం వెతికేదేమో "పలాస జీడిపప్పు కిలో రేటు". సైటులో లేనిది అదే.

రాజాం సంగతీ ఇలాంటిదే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి వెళ్లింది. గూగుల్ మ్యాపులో షావుకారు గారి అబ్బాయి ఆ మార్పు చేసేశాడు. సైటు అడుగున మాత్రం "రాజాం, శ్రీకాకుళం జిల్లా" అనే ఉండిపోయింది. ఆ ఒక్క పదం మార్చాలంటే కోడు మళ్లీ బిల్డ్ చెయ్యాలట, దానికి వేరే చార్జీ అట.

కాబట్టి నేను పట్టుకున్న రోగం ఇది: రేటు తెలిసిన మనిషి చేతికి సైటు అందడం లేదు. టైటిళ్లు, సైట్‌మ్యాపులు అన్నీ దాని తర్వాతి మాట.

అన్నిట్లోనూ ఉన్నవాటితో ఎంచుకోలేం

సెర్చ్‌కి అనువైన సీఎంఎస్ ఏది అని వెతికితే ఎక్కడ చూసినా ఒకటే జాబితా ఎదురవుతుంది. ప్రతి పేజీకి టైటిల్, డిస్క్రిప్షన్ విడిగా రాసుకునే వీలు, శుభ్రమైన యూఆర్ఎల్ (పేజీ అడ్రసు), ఎక్స్ఎంఎల్ సైట్‌మ్యాపు (గూగుల్‌కి ఇచ్చే పేజీల జాబితా), కెనానికల్ ట్యాగు (ఒకేలాంటి పేజీల్లో అసలుది ఏదో చెప్పే గుర్తు), 301 రీడైరెక్టులు (పాత అడ్రసుకి వచ్చినవాళ్లను కొత్తదానికి పంపడం), బొమ్మలకు ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మలో ఏముందో చెప్పే మాట), స్కీమా (ధర, రేటింగు లాంటివి గూగుల్‌కి అర్థమయ్యేలా కోడులో రాయడం), హెచ్‌టీటీపీఎస్, ఫోనులో సరిగ్గా కనబడటం. తప్పేం లేదు, ఇవన్నీ కావాల్సినవే. కానీ వర్డ్‌ప్రెస్, షాపిఫై, విక్స్ లాంటి పేరున్న సీఎంఎస్ ఏది తీసుకున్నా ఈ రోజున ఇవన్నీ ఉన్నాయి, లేదా ఒక ప్లగిన్ (అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాము) దూరంలో ఉన్నాయి. వర్డ్‌ప్రెస్‌లోనైతే 2020లో వచ్చిన 5.5 వెర్షను నుంచి సైట్‌మ్యాపు ఏ ప్లగినూ లేకుండానే వస్తోంది. షాపిఫై సైట్‌మ్యాపుని తానే తయారు చేస్తుంది. ఒకప్పుడు విక్స్ మీద అడ్రసుల్లో హ్యాష్ గుర్తులంటూ అందరం విసుక్కునేవాళ్లం. ఆ కాలం పోయింది, ఇంకా అదే మాట పట్టుకుని దాన్ని తిట్టేవాళ్లను నమ్మకండి.

అందరికీ ఉన్నదాన్ని చూసి ఒకదాన్ని ఎంచుకోవడం కుదరదు. అందుకే నా ప్రశ్నలు వేరే పెట్టుకున్నాను. రేటు ఎవరు మారుస్తారు, ఏ పరికరం మీద మారుస్తారు? అడ్రసు, ఫోను నంబరు లాంటివి ఒక్క చోట మారిస్తే అన్ని పేజీల్లో మారతాయా? నేను రేపు వేరే పనిలో పడితే ఈ సైటును పక్క ఊళ్లో ఇంకొకరు అందుకోగలరా? నెలసరి డబ్బు కట్టడం ఆగితే ఏం మిగులుతుంది? అన్నిటికంటే ముందు, ఈ దుకాణం నిజంగా ఎలా అమ్ముతుంది?

కౌంటరులో పరీక్ష

కాశీబుగ్గ కౌంటరులో బిల్లింగ్ చూసే అమ్మాయి ఉంది. డిగ్రీ చదివింది, కంప్యూటరు కోర్సులేవీ చెయ్యలేదు, ఫోనులో తెలుగు మాత్రం మనం మాట్లాడేంత వేగంగా కొట్టేస్తుంది. రేటు మొదట తెలిసేది ఆమెకే. కనుక సైటు ఎవరి కోసం ఎంచుకోవాలో తేలిపోయింది.

విక్స్, షాపిఫై, వర్డ్‌ప్రెస్ మీద వూకామర్స్ (దానికి దుకాణాన్ని జోడించే ప్లగిన్). మూడింట్లోనూ నాలుగైదు ఉత్తుత్తి సరుకులు పెట్టి ఆమె ఫోనులోకి ఎక్కించి ఇచ్చాను. పని మూడు ముక్కలు: 240 గుండు (సైజుని బట్టి పప్పు రకం, అంకె సంగతి తర్వాత చెబుతాను) కిలో రేటు మార్చాలి, ఒక ఫొటో మార్చాలి, గూగుల్‌లో కనబడే టైటిల్ మార్చాలి. పక్కన కూర్చుని చూడటమే, నేను నోరు విప్పను.

షాపిఫైలో రేటు మార్పు చిటికెలో అయిపోయింది. యాపు తెరిచింది, సరుకు నొక్కింది, అంకె మార్చింది, సేవ్. కిందకి జరిపితే సెర్చ్‌లో ఎలా కనబడుతుందో చూపించే పెట్టె కూడా అక్కడే ఉంది, టైటిల్ అక్కడే మార్చేసింది. "ఇదే బాగుందండీ" అంది. నిజమే, ఆ మూడింట్లో ఆమె చేతికి అన్నిటికంటే సులువుగా ఒదిగింది అదే. వూకామర్స్ యాపులో రేటు, ఫొటో సులువుగానే మారాయి. సెర్చ్ టైటిల్ దగ్గరకొచ్చేసరికి యాపులో ఆ పెట్టె లేదు, బ్రౌజరులో లాగిన్ అవ్వాలి. అక్కడ చిన్న తెర మీద వెతుక్కుంది. విక్స్‌లో పేజీ రూపు దిద్దే ఎడిటరులోకి వెళ్లి, పొరపాటున హెడ్డింగు పెట్టెను పక్కకి లాగేసింది. అది ఆమె తప్పు కాదు, రోజూ రేటు మార్చే మనిషికి డిజైను చేతికి చిక్కకూడదు.

ఈ పరీక్ష ఒక్కటే చూస్తే షాపిఫై గెలవాలి. అమ్మకం తీరు చూశాక లెక్క మారింది.

ఈ దుకాణంలో టోకు సరుకు 10 కిలోల టిన్నుల్లో లారీ ట్రాన్స్‌పోర్టుకి వెళ్తుంది. బేరం ఫోనులో, డబ్బు బ్యాంకులో. రిటైల్ కౌంటరు మీద. దూరపు వాళ్లు వాట్సాప్‌లో అడుగుతారు, యూపీఐ కొడతారు, కొరియరులో పంపుతారు. కార్టులో వేసుకుని కార్డుతో కట్టే మనిషి కోసం ఆలోచిస్తే షావుకారు గారికి ఒక్కరూ గుర్తు రాలేదు. షాపిఫైకి నెలనెలా కట్టేది ముఖ్యంగా ఆ కార్టు కోసమే. పైగా షాపిఫై సొంత పేమెంట్ సేవ మన దేశంలో లేదు, బయటి గేట్‌వే వాడితే ప్రతి అమ్మకం మీదా షాపిఫైకి అదనంగా ఫీజు పడుతుంది. సరుకుల జాబితాను ఫైలుగా దింపుకోవచ్చు, కానీ నెల డబ్బు ఆగితే దుకాణం తలుపు మూతే. వాడని గల్లాపెట్టెకి అద్దె ఎందుకు కట్టడం అన్నది షావుకారు గారి ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు.

షాపిఫైలో యూఆర్ఎల్ మధ్యన "ప్రొడక్ట్స్", "కలెక్షన్స్" అనే ముక్కలు తప్పనిసరిగా వస్తాయి, అవి తీసేసే వీలుండదు. సెర్చ్ వాళ్లలో దీని మీద పెద్ద గొడవ. నేను దీన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఆ ముక్కల వల్ల ర్యాంకు పడిపోయిన సైటు నా కంటికి ఇంతవరకు కనబడలేదు.

జూమ్లా, ద్రూపల్ అనే ఇంకో రెండు సీఎంఎస్‌లు ఈ పనికి అవసరానికి మించినవి. పైగా మన ఊళ్లలో అవి తెలిసిన మనిషి దొరకడం కష్టం.

షావుకారు గారి అబ్బాయి బెంగుళూరులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. "అన్నయ్యా, వర్డ్‌ప్రెస్ పాతబడిపోయింది కదా, నెక్స్ట్ జేఎస్‌లో కట్టి హెడ్‌లెస్ సీఎంఎస్ తగిలిద్దాం" అన్నాడు. అంటే కనబడే సైటును విడిగా కోడుతో కట్టి, రేట్లు, మాటలు మార్చుకునే చోటును వేరేగా పెట్టడం. సర్వరు నుంచే పూర్తి పేజీ వచ్చేలా కడితే సెర్చ్‌కి అందులో లోటేమీ ఉండదు, వేగం కూడా బాగుంటుంది. కాకపోతే పాత సైటు కూడా ఇలాగే ఎవరికో బాగా తెలిసిన కోడుతో మొదలైంది. నువ్వు రెండేళ్ల తర్వాత ఉద్యోగం మారి అమెరికా వెళ్తే దీన్ని ఎవరు చూస్తారు అని అడిగాను. నవ్వేసి ఊరుకున్నాడు.

చివరికి వర్డ్‌ప్రెస్, దాని మీద వూకామర్స్, కార్టు తీసేసి కేటలాగుగా. "ఆర్డరు" బటను నొక్కితే ఆ రకం పేరుతో వాట్సాప్ తెరుచుకుంటుంది. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా వర్డ్‌ప్రెస్ మీద నడుస్తున్నాయంటారు. అంతమంది వాడుతున్నారు కాబట్టి మంచిదని నేననను. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో దాన్ని పట్టుకోగల మనిషి దొరుకుతాడు, నాకు కావలసింది అంతే. దీనికి కట్టే మూల్యం కూడా చెప్పాలి: అప్‌డేట్లు, బ్యాకప్పులు, ప్లగిన్ల భద్రత. షాపిఫైలో అవి వాళ్ల తలనొప్పి, ఇక్కడ మన తలనొప్పి. ఆ పనికి ఏడాదికింత అని కాగితం మీద రాసుకున్నాకే మొదలుపెట్టాం. ఆ కాగితం లేకుండా వర్డ్‌ప్రెస్ కట్టించుకునేవాళ్లు ఏజెన్సీని మార్చారు గానీ జబ్బును మార్చుకోలేదు.

యూఆర్ఎల్ తెలుగులోనా, ఇంగ్లీషు అక్షరాల్లోనా

తెలుగు సైట్లు కట్టేవాళ్లు ఇది ఒకసారి చేసి చూడండి. వర్డ్‌ప్రెస్‌లో "పలాస జీడిపప్పు రకాలు ధరలు" అని టైటిల్ పెట్టి పబ్లిష్ చెయ్యండి. యూఆర్ఎల్‌లో చివరి మాట "ధరల" అని ఆగిపోతుంది, కొమ్ము ఎగిరిపోతుంది.

ఎందుకంటే డేటాబేసులో స్లగ్గుకి, అంటే యూఆర్ఎల్‌లో ఆ పేజీని సూచించే ముక్కకి, ఇచ్చిన చోటు 200 అక్షరాలు. తెలుగు అక్షరాన్ని అందులో ఉన్నదున్నట్టు దాచరు, శాతం గుర్తులతో కూడిన కోడుగా మార్చి దాస్తారు. కంప్యూటరు అక్షరాల్ని దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కోదానికి 3 బైట్లు, ఒక్కో బైటుకి 3 గుర్తులు, మొత్తం 9. "జీడిపప్పు"లో మన కంటికి కనబడేవి నాలుగు అక్షరాలే అయినా గుణింతాలు, పొల్లు, వత్తు విడదీస్తే 9 సంకేతాలు, అంటే 81 గుర్తులు. నాలుగు మాటలూ, మధ్యలోని మూడు అడ్డగీతలూ కలిపితే 201. ఒక్కటి ఎక్కువైంది, చివరి కొమ్ము తెగింది. ఇంకాస్త పొడుగు టైటిలైతే మాటలకు మాటలే పోతాయి.

గూగుల్‌కి తెలుగు యూఆర్ఎల్‌తో ఇబ్బందేమీ లేదు. ఇబ్బంది మనుషులకి. ఆ లింకును క్రోమ్‌లోంచి కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే శాతం గుర్తులతో వరుసల కొద్దీ చాంతాడు వస్తుంది. టోకు బేరగాడు దాన్ని చూసి వైరస్ అనుకుంటాడు. అందుకని పేజీ టైటిల్, హెడ్డింగు, లోపలి పాఠం తెలుగులో పెట్టి, స్లగ్గు మాత్రం పొట్టిగా ఇంగ్లీషు అక్షరాల్లో చేత్తో రాశాం. కొత్త పేజీ పెట్టేటప్పుడు ఇది మర్చిపోకుండా బిల్లింగు అమ్మాయి తెర పక్కనే చీటీ అంటించుకుంది.

జనం తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి వెతకడం ఇంకో చిక్కు. జీడిలో "జీ"కి "ఈ" రెండుసార్లు రాసేవాళ్లున్నారు, "ఐ" ఒక్కటి రాసేవాళ్లున్నారు. ఉత్తరాది కొనుగోలుదారులైతే "కాజు" అంటారు. పాత పద్ధతిలో ఈ స్పెల్లింగులన్నీ పేజీ అడుగున కుక్కేసేవారు. మేం ఒక వాక్యంలో సహజంగా వచ్చిన చోట ఒకటి రెండు రూపాలు వాడి వదిలేశాం. మిగతావి గూగుల్ తనంతట తాను కలుపుకుంటోంది.

పేజీలు ఎలా విడగొట్టాం

రకానికి ఒక పేజీ. 180, 210, 240, 320 గుండ్లు, బద్ద, ముక్క. పావు, అర, కిలో, టిన్ను అనే తూకాలకు విడి పేజీలు పెట్టలేదు, ఒకే పేజీలో ఎంచుకునేలా పెట్టాం. తూకానికో పేజీ పెడితే ఒకటే సరుకు గురించి ఒకటే మాట చెప్పే పేజీలు పుట్టి, వాటిలో దేన్ని చూపించాలో గూగుల్‌కే తెలియని పరిస్థితి వస్తుంది.

ఏ పేజీలో ఏం రాయాలన్నది కౌంటరే చెప్పింది. వచ్చినవాళ్లు ఎక్కువగా ఏం అడుగుతారని అమ్మాయిని అడిగితే "320 పెద్దదా 240 పెద్దదా అని రోజూ అడుగుతారండీ, అంకె ఎక్కువుంది కదా 320 మంచిదనేస్తారు" అంది. ఆ అంకె పౌను బరువుకి ఎన్ని గుండ్లు తూగుతాయో చెప్పేది. 240 అంటే పౌనుకి 220 నుంచి 240, 320 అంటే 300 నుంచి 320. అంకె తగ్గేకొద్దీ పప్పు లావు. ఇది రాసి, ఆమె చేతే నాలుగు రకాలూ పక్కపక్కన ఒక స్టీలు పళ్లెంలో పోయించి ఫొటో తీసి పెట్టాం. ఈ సైటులో నాకు నచ్చిన పేజీ అది.

తెలుగు పేజీలను ఇంగ్లీషులోకి, ఇంగ్లీషు పేజీలను తెలుగులోకి అచ్చంగా దించే పని పెట్టుకోలేదు. అలా పెట్టుకుంటే బహుభాషా ప్లగిన్, ఏ పేజీ ఏ భాషదో గూగుల్‌కి చెప్పే హ్రెఫ్‌లాంగ్ ట్యాగులు, ప్రతి రేటూ రెండు చోట్ల మార్పు. రిటైల్ మాటలు తెలుగులో, టోకు మాటలు ఇంగ్లీషులో, ఎవరి పేజీ వారిది. రేటు మాత్రం ఒకే చోట ఉండి రెండింట్లోకీ వస్తుంది. కౌంటర్ల అడ్రసులూ అంతే, రాజాం పక్కన విజయనగరం జిల్లా అని ఒక్కసారి రాస్తే చాలింది.

సెట్టింగుల్లో చూసుకున్నవి

సెట్టింగ్స్‌లోని రీడింగ్ పేజీలో సెర్చ్ ఇంజన్లను రావద్దనే గడి ఒకటి ఉంటుంది. సైటు కడుతున్నప్పుడు టిక్ పెట్టి, విడుదల రోజున తీయకుండా వదిలేసిన సైట్లు ఈ జిల్లాలోనే చూశాను. సెర్చ్ ప్లగిన్ ఒక్కటే ఉండాలి. రెండుంటే రెండు కెనానికల్ ట్యాగులు పడతాయి. తేదీల వారీగా, రచయిత వారీగా, ట్యాగుల వారీగా వర్డ్‌ప్రెస్ తానే పుట్టించే జాబితా పేజీలు ఈ దుకాణానికి అక్కర్లేదు, మూసేశాం. పేజీ రూపు దిద్దే విడి ప్లగిన్ (పేజీ బిల్డరు) వాడలేదు, వర్డ్‌ప్రెస్ సొంత బ్లాకులతోనే సరిపెట్టాం.

వేగంలో తెలుగు సైట్లకే ఉండే బరువు ఒకటుంది: ఫాంటు. అందంగా ఉందని ఏదో తెలుగు వెబ్‌ఫాంటు తగిలిస్తే, పేజీ తెరిచినప్పుడు ముందు ఫోనులోని ఫాంటు కనబడి, తర్వాత కొత్త ఫాంటు దిగి, వరుసలన్నీ ఒక్క కుదుపు కుదుపుతాయి. గూగుల్ పేజీ వేగాన్నీ నిలకడనీ కొలిచే కోర్ వెబ్ వైటల్స్‌లో ఆ కుదుపుకి ఒక కొలత ఉంది, అది 0.1 దాటకూడదు. ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోనులోనూ తెలుగు ఫాంటు ముందే ఉంది, దాన్నే వాడాం. ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు తెర మీదకి రావాలన్నది ఇంకో కొలత. అక్కడ అడ్డుపడింది ఫొటోలు. కౌంటరులో ఫోనుతో తీసిన ఫొటో యథాతథంగా ఎక్కితే మెగాబైట్లకు మెగాబైట్లు. ఎక్కించగానే కుదించి వెబ్‌పీ అనే తేలిక బొమ్మ రూపంలోకి మార్చే ప్లగిన్ పెట్టాం, అమ్మాయి దాని గురించి ఆలోచించక్కర్లేదు.

స్కీమా విషయంలో ఒక మాట. కార్టు లేదు కనుక గూగుల్ వ్యాపారుల లిస్టింగుకి కావలసిన షరతు, అంటే ఆ పేజీలోనే కొనగలగడం, మనకు కుదరదు. సెర్చ్ ఫలితం కింద ధర చూపించే మామూలు ప్రొడక్ట్ స్నిపెట్‌కి ధర చాలు. పాత సైటు కోడులో ఎవరో 4.9 రేటింగు, వందల రివ్యూలు అని రాసిపెట్టారు. ఆ రివ్యూలు ఎక్కడా లేవు. అలాంటివి పట్టుబడితే సైటు మీద గూగుల్ చర్య తీసుకుంటుంది. వాటిలో ఒక్కటి కూడా కొత్త సైటులోకి తెచ్చుకోలేదు.

పాత లింకులు

హ్యాష్ తర్వాతి భాగం సర్వరుకి చేరదని పైన చెప్పాను కదా, అందుకే పాత లింకులకి 301 రీడైరెక్టు సర్వరులో పెట్టడం కుదరదు. అవేవీ గూగుల్ దగ్గర లేవు కాబట్టి సెర్చ్ పరంగా పోయేదేమీ లేదు. కానీ టోకు కొనుగోలుదారుల వాట్సాప్‌లలో ఆ లింకులు ఏళ్లుగా ఉన్నాయి. హోమ్ పేజీలో చిన్న స్క్రిప్టు పెట్టి, హ్యాష్ తర్వాత ఏముందో చదివి సరైన కొత్త పేజీకి పంపేలా చేశాం. డొమైను ఏజెన్సీ పేరు మీద ఉండటంతో దాన్ని బయటికి తేవడానికి పట్టిన తిప్పలు సైటు కట్టడానికి కూడా పట్టలేదు. ఆ గోల ఇక్కడ రాయను.

ఏం మారింది, ఏం మారలేదు

విడివిడి పేజీలు విడివిడిగా ఇండెక్స్ అయ్యాయి. సెర్చ్ కన్సోల్‌లో దుకాణం పేరు లేని వెతుకులాటలు కనబడటం మొదలైంది. ముందుగా వచ్చినవి 240కి 320కి తేడా అడిగేవి, తర్వాత "కిలో రేటు" అనేవి. రేట్లు తిరిగి సైటులోకి వచ్చాయి, పక్కనే ఏ తేదీ రేటో కూడా. ఆ తేదీ రేటు మార్చగానే తనంతట తాను మారుతుంది. కౌంటరు దగ్గర తగువులు ఆగాయని షావుకారు గారు అన్నారు, ఆయనకి ర్యాంకు కంటే అదే పెద్ద సంగతి.

ఆయన మొదట అడిగిన "పలాస జీడిపప్పు" అనే ఉత్త మాటకి మాత్రం ఇప్పటికీ పెద్ద ఆన్‌లైన్ అంగళ్లే పైన ఉంటున్నాయి. సీఎంఎస్ మార్చినంత మాత్రాన వాటిని దాటేస్తామని నేను మాటివ్వలేదు. పలాస స్టేషన్‌లో దిగినవాళ్లు, హైవే మీద కారు ఆపినవాళ్లు ఆ మాట కొడితే మ్యాపులో పైకి వస్తున్నాం. అందులో సీఎంఎస్ పాత్ర తక్కువ. మ్యాపు లిస్టింగులో ఫొటోలు, వేళలు, సైటులో ఉన్న అడ్రసే అక్కడా ఉండటం, వచ్చిన రివ్యూలకి అమ్మాయి జవాబు రాయడం, ఇవీ పనిచేసినవి.

ఇప్పుడు డొమైను, హోస్టింగు, సెర్చ్ కన్సోల్, మ్యాపు లిస్టింగు నాలుగూ షావుకారు గారి సొంత మెయిలు మీద ఉన్నాయి. నాకు ఉన్నది యాక్సెస్ మాత్రమే, ఎప్పుడు కావాలన్నా తీసేయొచ్చు. ఇక ఒడిశా వైపు కొనుగోలుదారుల కోసం ఒడియా పేజీ పెట్టమని అడుగుతున్నారు. పేజీ పెట్టడం ఎంతసేపు! బరంపురం వాళ్లలో చాలామందికి తెలుగు వచ్చు కాబట్టి వాళ్లతో సమస్య లేదు. భువనేశ్వర్ నుంచి ఎవరైనా ఆ పేజీ చదివి ఫోను చేస్తే ఒడియాలో రేటు చెప్పగల మనిషి కౌంటరులో కావాలి. మనిషిని చూడండి, ఆ వారంలోనే పేజీ పెట్టేస్తానన్నాను. చూస్తున్నారు.